నాలుగు డిగ్రీలు

శనివారం ఒంటిగంటకు సూర్ బజారంత షట్టర్లు దించుతది.
నేను సగమే దించుత.
కింది సందులకెళ్ళి ముందు చెప్పులొస్తయి, వెనక పిల్లలు:
మందుల దుకాణం మస్తాన్ వలీ బిడ్డ రిజ్వానా,
మూడో అంతస్తు మలయాళీల జిబిన్,
దిష్‌దాషా కొలతకని వచ్చి ఇగ కదలని ముహన్నద్.

కటింగ్ బల్ల మీద గుడ్డ జరుపుత.
లాప్‌టాప్ మూత ఒక దిక్కు ఇరిగింది,
నూలు ఉండ ఆనించి నిలబెట్టినం.
తెర మీద ఆకుపచ్చ తాబేలు.
రంగురంగుల ముక్కలు ఒకదాని కింద ఒకటి అతికిస్తే
అది నడుస్తది. నడిచిన కాడల్లా గీత.

"ఈడ తాబేళ్ళకు కొదువా" అన్న మొదటి రోజు.
రాసల్ హద్ కాడ రాత్రిపూట ఇసుకల గుంత తీసి
గుడ్లు పెట్టిపోయేవాటిని చూసినోన్నే.
"వాటికి ఎవరూ చెప్పరు మామా" అన్నది రిజ్వానా,
"దీనికి అన్నీ చెప్పాల."

ఎంత దూరం, ఎటు దిక్కు, ఎన్నిసార్లు.
నాకు నవ్వొచ్చింది.
కొత్త పిలగాడు పనిల చేరితే నేను చేసేదిదే:
"కాలర్ కుట్టు" అంటే కుట్టడు,
కత్తెర ఏ చేతిల పట్టాల్నో కాడికెళ్ళి చెప్పాలె.

ముక్కల మీద ఇంగ్లీషుండేది. నాకు రాదు.
ఒకనాడు ఆ పిల్ల ఎక్కడ నొక్కిందో
తెరంత తెలుగైంది.
ముందుకు. కుడికి. మళ్ళీ.
పదిహేడేండ్ల సంది ఈ ఊళ్ళె
మందు సీసా, కరెంటు బిల్లు, బతాకా
ఏదీ నాతోని తెలుగుల మాట్లాడలే.
తాబేలు మాట్లాడింది.

పిల్లకేమో మాటలే గాని అక్షరం రాదు, ఈడనే పుట్టింది.
'ళ్ళీ' చూసి "ఇది జిలేబీయా" అన్నది.
నేను చదువుత, ఆమె అతికిస్తది,
ముహన్నద్‌కు అరబీల చెప్పేదీ ఆమెనే.
జిబిన్‌కు ఎవరూ చెప్పనక్కర్లే, వాడు ముందే నొక్కేసుంటడు.

పోయిన శనివారం కుమ్మా మీది చుక్క గీద్దామన్నరు.
ముహన్నద్ టోపీ తీసి బల్ల మీద పెట్టిండు.
వాళ్ళ నాయనమ్మ చేతికుట్టట, అయిదు మొనలు.
ముందుకు వంద. కుడికి నూట నలభై. మళ్ళీ, అయిదుసార్లు.
తాబేలు ఉరికింది. చుక్క మూసుకోలే.
ఆఖరి గీత మొదటి గీతను అందుకోక
పక్కకెళ్ళి పోయింది, పెండ్లికొచ్చి ఇల్లు తప్పిన చుట్టం లెక్క.

"తాబేలుదే తప్పు" అన్నడు జిబిన్.
ముప్పయేండ్లు మిషిన్ ముందల కూసున్నోన్ని,
ఆ మాట నేనూ చానాసార్లు అన్న.

గచ్చు మీద సుద్దతోని చుక్క గీసిన.
"నువ్వే తాబేలువు, నడువు" అన్న.
రిజ్వానా నడిచింది, మొన కాడ ఆగి తిరిగింది.
ఏసీ దిక్కు ముఖం పడ్డప్పుడల్లా జిబిన్ లెక్కబెట్టిండు.
బయలెల్లిన దిక్కుకే మళ్ళ నిలబడేటాలకు
రెండు చుట్లు తిరిగింది.
రెండు చుట్లు, అయిదు మూలలు.
ముహన్నద్ నాలుక బయటపెట్టి కాగితం మీద భాగారం చేసిండు.
నూట నలభై నాలుగు.

నాలుగు డిగ్రీలే.
చంక కాడ దారమంత తప్పు
కాలర్ కాడికి బెత్తెడైతదని చెప్పబోయిన.
ఎవరూ నా దిక్కు చూస్తలేరు.
చుక్క మూసుకున్నది.
"ఇప్పుడు పెద్దగ" అన్నడు జిబిన్.

నిజం చెప్పాలంటే కడుపు మండింది.
నా చేతిల కోత తప్పితే గుడ్డ పోతది,
జీతంల రెండు రియాళ్ళు పోతయి.
వీళ్ళకు తప్పంటే ఒక నొక్కు.
నూట నలభై చెరిపిన జాగల మచ్చ గూడ లేదు.

నాలుగైంది. షట్టర్ మీద అర్బాబ్ చెయ్యి చప్పుడు.
పిల్లలు సందులకెళ్ళి జారిపోయిన్రు, లాప్‌టాప్ మర్చిపోయిన్రు.
గచ్చు మీది చుక్క తుడవలే, దాని మీద కుర్సీ ఏసిన.

రాత్రి గిరాకీ అయిపోయినంక
'మళ్ళీ' పక్కన ఖాళీ జాగల
పదిహేడు అని కొట్టిన.
తాబేలు అవే గీతల మీద తిరిగి తిరిగి
కొత్తది ఒక్కటి గీయలే.
మొదలైన కాడికి గూడ రాలే,
రెండు మొనలవతల నిలబడ్డది.

మూల మార్చి చూడాలె.
ఎంత పెట్టాల్నో రిజ్వానాను అడగాలె.