నీళ్ళులేని రేవు

వైట్‌ఫీల్డ్ డిపోలో రెండో గేటు దగ్గర నా కుర్చీ.
సముద్రం ఇక్కణ్ణించి మూడొందల చిల్లర కిలోమీటర్లు.
అయినా కాగితాల మీద దీని పేరు రేవే.
చేరిన రోజు నవ్వొచ్చింది.
రేవంటే మా వైపు చాకలి బండలు,
మోకాటి లోతు నీళ్ళు, ఆరేసిన దుప్పట్లు.

తెల్లవారుజామున నాలుగింటికి మద్రాసు నించి సరుకుబండి.
నలభై అయిదు వ్యాగన్లు, తొంభై పెట్టెలు.
టార్చి వేసి ఒక్కోదాని నంబరు చదువుతాను:
నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు.
ఆఖరి అంకె ముందున్న వాటన్నిటికీ కాపలా,
ఒక్కటి తప్పు చదివినా లెక్క కుదరనివ్వదు.
మనుషులకీ అట్లాంటి అంకె ఒకటుంటే
మేస్త్రీ రుక్మాంగద రెండో సంసారం
ఎప్పుడో బయటపడేది.

సీలు చూస్తాను, బోల్టు కదిలించి చూస్తాను.
పెట్టె మూలల్లో ఉప్పు బూజులా పట్టి ఉంటుంది.
ఒకసారి ఎవరూ లేనప్పుడు
వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను.
సముద్రాన్ని నేను చూడడమంటే ఇప్పటికి అదే,
రుచి చూడడం.

కార్తీకంలో వాయుగుండం పట్టింది.
ఓడలు బయటే లంగరేసుకున్నాయట,
క్రేన్లు చేతులు పైకెత్తి కట్టేయించుకున్నాయట.
ఇక్కడ చుక్క వాన లేదు. చొక్కా అంటుకునే ఎండ.
మూడో రోజుకి మా పట్టాలు తుప్పు రంగు తిరిగాయి.
హోప్ ఫారం దాకా ట్రైలర్ల వరస.
చెంగల్రాయుడు బండి కింద స్టవ్వు పెట్టి
సంగటి కెలుకుతూ అన్నాడు:
"ఆడ గాలి తిరిగితే గానీ ఈడ నా చక్రం తిరగదు సామీ."
హోసకోట ఫ్యాక్టరీ నించి ఫోను మీద ఫోను.
ఏదో ఒక్క పెట్టెలో బేరింగులు,
వాటికోసం నూటిరవై మంది చేతులు కట్టుకు కూర్చున్నారు.
ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది.
నేను గేటు గుమాస్తాని. అలల్ని అడగండి.

అయిదో రోజు ఒకదాని వెనక ఒకటి మూడు బండ్లు.
పోటెత్తినట్టే, కాలు పెట్టే చోటు లేకుండా.
పేరు తప్పుగా పెట్టలేదనిపించింది.
నీళ్ళు రావు, అంతే.

మాది గుడుపల్లె.
చిన్నప్పుడు రైలు గేటు దగ్గర మేకల్ని అదిలిస్తూ
పెట్టెలు లెక్కపెట్టేవాళ్ళం.
ఎర్రవి నావి, నీలివి మా చెల్లి మునెమ్మవి.
ఎప్పుడూ అదే గెలిచేది.

నిన్న బయటికి పోయే పెట్టె ఒకటి. కాగితం చదివాను.
గ్రానైటు పలకలు, నునుపు పట్టినవి, ఇరవయ్యారు టన్నులు.
రాయి తీసిన చోటు: గుడుపల్లె మండలం.
మా కొండే.
మా నాన్న డ్రిల్లు పట్టి చెవులు పోగొట్టుకున్న కొండ.
అక్కణ్ణించి లారీలో జిగణి రంపాల కిందికి,
జిగణి నించి నా గేటుకి.
ఈ రాత్రి బండెక్కి మళ్ళీ మా ఊరి మీదుగానే,
తనెక్కడ పుట్టిందో ఆ గుంట పక్కనించే,
చీకట్లో, తలుపులు బిగించుకుని
మద్రాసు పోతుంది.
గుడుపల్లెలో సరుకుబండి ఆగదు,
ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వాల్సొస్తే తప్ప.

సీలు నేనే వేశాను. టక్కుమంది.
మునెమ్మకి ఫోను చేసి చెప్పాను,
పదకొండు దాటాక వస్తుంది, గేటు దగ్గరికి పో అని.
"ఏం రంగు?"
గోధుమరంగు.
"అయితే అది మనిద్దరిదీ కాదులే" అంది.