మంజిష్ఠ

ఎర్ర శుక్రవారం అంటారు మా చియాతురాలో.
నాయనమ్మ మక్వాలా కుండలో నీళ్ళు కాగబెట్టి
మంజిష్ఠ వేళ్ళు వేసింది, గుప్పెడు ఉల్లిపొట్టు వేసింది.
"పైచదువులు నీవి కదా, కలుపు" అని గరిటె చేతికిచ్చింది.
కలిపాను. అలిజరిన్, అనుకున్నాను లోపల.
పద్నాలుగు కర్బనాలు, ఎనిమిది ఉదజనులు, నాలుగు ఆమ్లజనులు.
మొన్న పరీక్షలో ఆ బొమ్మ గీసి
పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్ని.
గుడ్డు తెల్లగా మునిగి ఎర్రగా తేలేదాకా
నాయనమ్మ ఏటా ఊపిరి ఎందుకు బిగబడుతుందో,
ఆ బొమ్మలో ఎక్కడా లేదు.

ఉపవాసాల మూడో వారమే నేను తప్పాను,
త్బిలిసిలో, హాస్టల్ కాంటీన్‌లో.
తిరుగుబాటేమీ కాదు. ఆకలేసింది.
వేడి రొట్టెలోంచి జున్ను తీగలా సాగుతుంటే
పిడుగు పడుతుందేమోనని కిటికీవైపు చూశాను.
పడలేదు.
పడి ఉంటే బాగుండేది,
ఎవరో చూస్తున్నారని తెలిసేది.

గదిలో నాతో ఉండే థామ్తా
సిలువ వేసుకుని, దీపం ఆర్పినంత తేలిగ్గా నిద్రపోతుంది.
నేను చీకట్లో అడుగుతాను:
మూడో రోజని లెక్క ఎవరు పెట్టారు,
రాయి దొర్లించినప్పుడు చప్పుడు కాలేదా,
కావలివాళ్ళ ఉద్యోగాలు ఏమయ్యాయి?
"కోడిగుడ్డుకు ఈకలు పీకకు, పడుకో" అంటుంది దుప్పట్లోంచి.

శనివారం అర్ధరాత్రి చర్చి చుట్టూ మూడుసార్లు తిరిగాం.
నేను అందరికన్నా వెనక, సిగరెట్లు కాల్చే కుర్రాళ్ళ పక్కన.
గనిలోంచి తిన్నగా వచ్చినవాళ్ళు కొందరు,
చెవుల వెనక మాంగనీసు నలుపు కడుక్కోకుండానే.
నా కొవ్వొత్తి రెండుసార్లు ఆరిపోయింది.
రెండుసార్లూ ఎవరో, ముఖం ఇటు తిప్పకుండానే,
తమ మంట ఇటు వంచారు.
క్రీస్తు లేచెను, అని తలుపు లోపలినుంచి.
నిజముగా లేచెను, అని బయట మేమంతా.
నా పెదాలు కదిలాయి. గొంతు పలికిందో లేదో
ఆ గోలలో నాకే తెలియలేదు.

తాత గివి సంగతి ఇక్కడ చెప్పాలి.
పార్టీ కార్డు జేబులో ఉన్న మనిషి.
దేవుడి పేరెత్తితే మీసం కింద నవ్వేవాడు.
అయినా పండగ పొద్దున గుడ్లు కొట్టే ఆటకి
అందరికన్నా ముందే బల్ల దగ్గర కూర్చునేవాడు.
ఎవరి గుడ్డు పగలకపోతే వాళ్ళది గెలుపు.
ఏటా ఆయనదే గెలుపు.
పోయాక, సొరుగులో మేకుల మధ్య దొరికింది
చెక్కతో చెక్కిన గుడ్డు. ఎర్ర రంగు, పైన మెరుగు.
నాయనమ్మ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.
"నాకు తెలుసే. నలభై ఏళ్ళుగా తెలుసు.
నా గుడ్డు నేనే ముందుకు పెట్టేదాన్ని."

అప్పటినుంచి, ఎంత కొట్టినా పగలనిదాన్ని చూస్తే
నాకు చిన్న అనుమానం.
నాది పగిలింది, మొన దగ్గర, వెంట్రుకంత.
చెక్కది కాదని మాత్రం తేలింది.

సోమవారం అందరం కొండమీది సమాధుల దగ్గరికి.
పళ్ళెంలో మొలిచిన గోధుమ నారు తాత తల దగ్గర పెట్టాం,
మట్టికి ద్రాక్షసారా తాగించాం.
ఎర్రగుడ్డు నేను దొర్లించాను.
నేల వాలు, ఆగలేదు.
కంచె కిందినుంచి దూరి,
పేరు చెరిగిపోయిన ఎవరిదో రాయికి తగిలి నిలిచింది.
తెస్తానని లేచాను.
"ఉండనీ. వాళ్ళకెవరూ వచ్చినట్టు లేదు."

వంగి, ఆ రాయితోనే అన్నాను,
కాస్త సిగ్గుపడుతూ: క్రీస్తు లేచెను.
కింద లోయలో రోప్‌వే పెట్టె ఒకటి కిర్రుమంటూ కదిలింది.
వెనకనుంచి, నోటినిండా రొట్టెతో,
నాయనమ్మ జవాబిచ్చింది.

రాత్రి మినీబస్సులో చూసుకున్నాను.
గోళ్ళ చుట్టూ మంజిష్ఠ ఇంకా వదల్లేదు.
రేపు ఎనిమిదింటికి ల్యాబు.