మూడు లిపుల్లో

అల్లం బస్తాలతో సుంకి ఘాటీ దిగేటప్పుడు
రెండో గేరు వదలడు తవిటయ్య.
బ్రేకుని కాదు, ఇంజనుని నమ్మాలంటాడు.
నేను ఏదీ నమ్మను.

వానలు మొదలైతే సీటు కింద చూస్తాను:
టార్చీ, తాడు, గుడ్డపీలికలు,
చక్రానికి అడ్డేసే చెక్కముక్క,
విరిగిన మా రోకలిదే.

బియ్యం డబ్బాలో ఇన్సూరెన్సు కాగితం.
ఈ ఏడు దానికోసం మేకని అమ్మాం.
పిల్లది రెండ్రోజులు మాటాడలేదు.
మూడోరోజు అడిగింది, మేక తిరిగొస్తుందా?
రాదు, నాన్న వస్తాడు, అనబోయి
మింగేశాను.
కాగితం అప్పు తీరుస్తుంది గానీ
మనిషిని తోలుకురాదు.

అతని చొక్కా జేబులో ఒక చీటీ:
పేరు, బీ పాజిటివ్, నా నంబరు.
తెలుగులో నేనే రాశాను.
రాశాక తోచింది,
ఆ మలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చే చేతులకి
తెలుగొచ్చో రాదో.
పక్కింటి కుంతలా మాఉసి ఒడియాలో రాసిచ్చింది.
ఒక్కో అక్షరం నెత్తిన ఒక్కో గొడుగు.
ఇంగ్లీషులో పిల్ల రాసింది,
పేరుకి ముందు ‘మై ఫాదర్’ అని కలిపి.

చొక్కా నానబెట్టే ముందు
జేబు తడిమి తీస్తాను.
మడతల దగ్గర చిరుగుతోంది.
ఇంతవరకూ
ఎవరూ చదవలేదు.