ఉత్తరం రాస్తే ఓడ వచ్చింది

కార్డ్లా పురపాలక కార్యాలయం.
కిటికీకి అవతల సముద్రం గడ్డకట్టే పనిలో ఉంది.
ఇవతల నేను, చల్లారిన కాఫీ,
ఒకే పేజీలో మూడు ఫారాలు.

పైన కట్టెల సాయం.
మధ్యలో విన్నపం.
అడుగున ఓడ టికెట్టు.
మూడింటిలోనూ "పేరు" అనే గడి,
మూడూ వచ్చి తట్టేది ఒకటే తలుపు.
ఇలా కుట్టింది నేనే,
పోయినేడు మార్చిలో, సెలవుకు ముందురోజు, తొందరలో.

సర్వర్‌కు ముఖాలు తెలియవు.
ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం.
ఏ బటన్ నొక్కితే ఆ ఫారమే దాని లోకం.
పక్క గడుల్లో ఎవరేం రాసుకున్నా
దాని దాకా రాదు.
రానిమ్మని నేను చెప్పలేదు.

మంగళవారం ఎల్మార్ పిహెల్ వచ్చాడు.
తడి చేతితొడుగులు నా టేబుల్ మీద పెట్టి
టోపీ తియ్యకుండానే అన్నాడు:
"నేను ఉత్తరం రాశాను. మీరు ఓడ పంపారు."

చేతిలో టికెట్టు.
గురువారం ఉదయం ఆరు, మనిషి ఒకరు, కారు లేదు.

రెండు రాత్రులు రాశాడట, ఒంటి వేలితో,
రేవు చివర మేం పీకేసిన బెంచీ గురించి.
రాయడం అయ్యాక కిందికి, ఇంకా కిందికి జరిపి
అన్నిటికంటే అడుగున కనబడ్డ బటన్ నొక్కాడు.
ఉత్తరానికి సంతకం అడుగునే కదా పెడతారు.

ఆ బెంచీ మీద ఎవరు కూర్చునేవారో
ద్వీపమంతా ఎరుగును. నేనడగలేదు.

లాగ్‌లు తిరగేశాను.
ఓడ అడిగిన క్షణం ఉంది, సెకన్లతో సహా.
ఉత్తరం లేదు.
పోవడం కాదు, అసలు చేరలేదు.
చేరనిదాన్ని ఏ అరలో వెతకను?

"మళ్లీ చెప్పండి, నేను టైపు చేస్తాను."
"రెండోసారి రాస్తే అది ఉత్తరం కాదమ్మా, అర్జీ."

టికెట్టు రద్దు చేస్తానంటే వద్దన్నాడు,
సీటు ఖాళీగా పోవడమెందుకని.
గురువారం వెళ్లాడు కూడా.
అవతలి రేవులో సూప్ తాగి
మధ్యాహ్నం ఓడకు తిరిగొచ్చాడని
టికెట్ల హెల్వే చెప్పింది.
"మూడు పేజీలు చేస్తే పోయేదిగా" అని కూడా అంది.
నిజమే.
కానీ ఒంటి వేలికి మూడు పేజీలంటే మూడు కొండలు.

ఆ రాత్రి కుట్లన్నీ విప్పాను.
మూడింటినీ ఒకే సంచిలో వేశాను.
ప్రతి గడికీ ఇంటిపేరు పెట్టాను:
కట్టెల పేరు, విన్నపం పేరు, ఓడ పేరు.
బటన్లకూ పేర్లు పెట్టాను.
సర్వర్‌ను కూర్చోబెట్టి చెప్పినట్టు రాశాను:

ముందు, నొక్కింది ఏదో అడుగు.
దాన్నొక్కదాన్నే పరీక్షించు.
మిగతావాటిలో తప్పులెంచకు,
ఇంకా ఎవరూ వాటిని నీ చేతికివ్వలేదు.
అలాగని పారెయ్యకు.
ఎలా వచ్చాయో అలాగే తిరిగి పెట్టు,
అక్షరదోషంతో సహా,
చివర మిగిలిపోయిన ఖాళీతో సహా.

జనవరిలో ఒక కట్టెల అర్జీ వచ్చింది.
బర్చ్, రెండు ఘనమీటర్లు, పిహెల్.
దాంతోపాటు, ఎవరూ నొక్కని మధ్య గడిలో,
రెండే మాటలు:
"బెంచీ గురించి"

నేను చూడకూడదు. చూశాను.

సర్వర్ కట్టెలు రాసుకుంది.
ఆ రెండు మాటల్నీ
వాటి గడిలో వాటిని
తిరిగి పెట్టింది.