పిడి

మెషీన్ కొత్తదే. చెయ్యే పాతది,
ముప్పై ఏళ్ళు జట్లండ్ గాలికి ఎదురెళ్ళి
ఉత్తరాలు పంచిన చెయ్యి.
గంట తిరిగేసరికి ఇంగర్లీసె మణికట్టులో
సన్నగా సూది దిగేది.

"బరువు కాదమ్మా, తూకం"
అన్నాడు సైకిళ్ళు బాగుచేసే ఆస్గర్.
బ్యాటరీని మోచేతి వెనక్కి జరిపాడు.
కడ్డీని రెండు కన్నాలు కుదించాడు.
పిడికి పాత రేసు సైకిలు టేపు
ఉల్లిపొర మీద ఉల్లిపొరలా చుట్టాడు.
డబ్బు తీసుకోలేదు,
నాణెం దొరికితే చూపించమన్నాడు.

ఇవాళ బార్లీ కోసిన చేలో
భుజం ఊగుతోంది, చెయ్యి ఊరికే వెంట వెళ్తోంది.
గట్టిగా పట్టుకోవడం మానేశాక గానీ
చెవికి మట్టి వినబడలేదు.

నాలుగింటికి ఒక మూలుగు.
తవ్వింది. నాణెం కాదు,
జానెడు తుప్పు. కత్తి.
తోక మిగిలింది, పిడి లేదు.
చెక్కో కొమ్మో, మట్టి ఎప్పుడో తినేసింది.

తడి మోళ్ళ మీద మోకాళ్ళూని
తోక చుట్టూ గాలిలో వేళ్ళు ముడిచి చూసింది.
ఇంత లావా? ఇంకాస్తా?
ఆ బొటనవేలు ఎక్కడ ఆనేదో.
వాళ్ళకీ ఇక్కడే నొప్పెట్టేదా?

మ్యూజియానికి ఇచ్చేముందు
ఒక్కసారి ఆస్గర్‌కి చూపించాలి.