ఇతరములు

మోకాలు చిప్ప అరిగినంక
మీటర్లు చూసుడు బంద్ చేయించి
హన్మకొండ ఆఫీసుల కంప్యూటర్ ముందర
కూసోవెట్టిన్రు నన్ను.
ఆ టెండరు రెండు వేళ్లతోటి కొట్టింది నేనే.

“వ్యాపార కనెక్షన్లకు వెయ్యి లీటర్ల నీటి ధర
ఎంత ఉండవలెనో
నియంత్రణ మండలికి తెలియజేయుటకు
సలహాదారులు కావలెను.
పదేండ్ల అనుభవం. మూడు నగరాల్లో పని.
అధ్యయన పరిధి: అనుబంధం రెండు.”
నల్లా కింద బిందె పెట్టి ఎదురుచూసిన అనుభవం
ఉండాలని యాడా లేదు.
నేనూ కలపలేదు.
కొట్టుమన్నది కొట్టుడే గదా.

ఐదు కవర్లొచ్చినయి.
ఒకదానికి కొత్త చెప్పుల డబ్బ వాసన.
ఇంకొకదాంట్ల,
పోయినేడు నీళ్ల సీసాల కంపెనీకి
ఇదే లెక్క అటు దిక్కునుంచి చేసిచ్చినోళ్లు
“స్వప్రయోజనాలు: లేవు” అన్న కాడ
ముద్దుగ టిక్కు పెట్టిన్రు.
రాజమొగిలి సారుకు చూపెట్టిన.
పక్కకు వెట్టుమన్నడు.
ఏ పక్కకో చెప్పలే.
బీరువల పెట్టి చెవి ఆయనకే ఇచ్చిన.

పని దొరికిన కంపెనీ నుంచి
ఋతుజ అని ఒక పిల్ల వచ్చింది. పుణె అట.
తొవ్వ చూపెట్టుమని నన్ను తోలిన్రు.
ఆమె హిందీ, నా ఉర్దూ
ఒక ఆటోల సర్దుకోని కూసున్నయి.

కొత్తవాడల బూర సాంబలక్ష్మి కార్ఖానా.
జంపకానల నూలు కాగుల ఉడుకుతున్నది.
“ఎర్రకు మూడు జాడింపులు, నల్లకు ఐదు.
ఐదో నీళ్లు తేటగైతేనే రంగు నిలిచినట్టు.
నల్లదానికని ఎక్కువ పైసలియ్యరు బిడ్డా,
కూసునేటోడు రంగు చూస్తడా?”
“ఇంటి కనెక్షనా, వ్యాపారమా?” అడిగింది ఋతుజ.
“ముంగట నూలు ఉడుకుతది,
ఎనుక అన్నం ఉడుకుతది.
నల్లా ఒక్కటే.”

ఆ పిల్ల కాగితంల హోటలు ఉన్నది, దవాఖాన ఉన్నది,
ఐస్ ఫ్యాక్టరీ, కార్లు కడిగే షెడ్డు ఉన్నయి.
సాంబలక్ష్మికి గడి లేదు.
కలం కొద్దిసేపు గాలిల ఆగి
ఆఖరుకు దిగింది: ఇతరములు.

నాలుగున్నరకు నీళ్లిడిసే టైము.
మీటరు కాడ కూసున్నం.
ముందుగాల ఒక దగ్గు. ఎనుకంగ ఒక ఈల.
చుక్క పడలే.
ముల్లు మాత్రం బరాత్ గుర్రం లెక్క ఎగురుతున్నది.
ఋతుజ మోకాళ్ల మీద వంగి
ఇత్తడికి చెవి ఆనించింది.
“యే క్యా హై?”
“హవా” అన్న.

రెండొద్దులకొకపాలి ఇడిస్తె
ఖాళీ గొట్టంల జేరిన గాలిని
నీళ్లు తోసుకుంటొస్తయి.
ముల్లుకు ఏమెరుక, ఎవరు తోసినా తిరుగుతది.
ఇరవై ఆరేండ్లు ఆ ముల్లు చదివిన.
చదివింది చదివినట్టు రాసిన.
గాలికి గింత, నీళ్లకు గింత అని
విడదీసే గడి నా పుస్తకంలనూ లేకుండె.
సాంబలక్ష్మి మొఖం చూడలేక
చెప్పులు తొడుక్కున్న.

నివేదిక వచ్చింది.
రెండు వందల పన్నెండు పేజీలు,
ఐదో జాడింపు నీళ్లకంటే తేట కాగితం.
ధర పెరుగవలెను, అంచెలంచెలుగ పెరుగవలెను.
నూట ఎనభై ఆరో పేజీ అడుగున
చీమతలకాయంత అక్షరాల్ల
ఒక్క వాక్యం ఇరికిచ్చింది ఆ పిల్ల:
“గొట్టములలోని గాలి గమనించబడినది.
ఇది అధ్యయన పరిధిలోనిది కాదు.”

పరిధి కొట్టింది నేనే.

మొన్న సోమవారం రాజమొగిలి సారు
ఇంకో చిత్తుకాగితం ఇచ్చిండు.
మళ్ల సలహాదారులు కావలెనట.
అనుబంధం రెండు కాడ
నా వేళ్లు రెండూ ఆగినయి.
ఏడో అంశానికీ సంతకానికీ నడుమ
ఒక్క లైను సందు ఉన్నది.

ఎనిమిది, గాలి.

ఎవలన్న అడిగితె
అక్షరదోషం సారూ అంట.