ఫీటు లెక్క

మా నాయన భూమిని ఫీట్లల్లనే మాట్లాడుతడు.
"కొండమల్లేపల్లి దిక్కు నాలుగొందలు,
చింతపల్లిల ఏడొందలు పోయినా దుబ్బే."
నేనూ ఫీట్లల్లనే మాట్లాడుత,
కాకుంటే మీదికి.

దేవరకొండల రిగ్గు బండి నిలిపే షెడ్డు.
నూనె మరకల బల్ల మీద రెండు కాగితాలు పరిచిన.
గాలికి లేవకుండ
ఇక్కడి బడి మీద అరిగిన బిట్టు,
దక్షిణాఫ్రికా బడి మీద స్పానరు.

ఇక్కడ రెండొందల గంటలు. ఎన్నడైతయో రాయలే.
అక్కడ రెండొందల గంటలు, పదకొండు నెలలు.
రూపాయి పడితే మాకు సంబంధం లేదని
అడుగున చీమలంత అక్షరాలు.
రెంటికీ ఇంకో రిగ్గు కొనేటంత.
పెద్ద విమానం నేర్చుకునే ఖర్చు సంగతి
రెండు కాగితాలూ ఎత్తలే.

నాయన చదువలే.
"చిన్నక్షరాలున్నయా?" అని మాత్రం అడిగిండు.
"రిగ్గు లోనుల గూడ గవ్వే ముంచినయి."

మిర్యాలగూడ ఇమ్రోజ్‌కు ఫోన్ చేసిన.
ఇక్కడి బడిల చేరి పద్నాలుగు నెలలు, అరవై ఒక్క గంట.
"నాలుగు విమానాలక్కా.
ఒకటి ఎగురుతది, ఒకటి ఇంజను విప్పి ఉంటది,
మిగిలిన రెండు ఆ రెంటికి స్పేరు పార్టులు.
వానకాలమంత క్యారమ్స్.
ఆట మంచిగొచ్చింది."

వనపర్తి హర్షిణి చెప్పినట్టే పదకొండు నెలలకు తిరిగొచ్చింది.
వచ్చి తొమ్మిది నెలలు.
ఆ లైసెన్సును ఈ లైసెన్సు చేసే కాగితం కోసం
పొద్దున లేవంగనే మెయిలు చూసుకుంటది.
"ఆడ ఆకాశం కడిగిన గిన్నె లెక్క ఉండె చెల్లె.
ఈడ ఎండకాలం మజ్జాన్నం పైకెక్కితే
కుదుపు కుదుపుకు నా చదువు రాలింది."

ఇద్దరూ కూసున్నోళ్లే.
ఒకలు ముంగట, ఒకలు ఎనక.

మైసయ్య పెద్దనాయినను పిలిచింది అమ్మ.
నీళ్లు చూసే మనిషి.
అరచేతుల కొబ్బరికాయ పెట్టుకొని
బల్ల చుట్టు రెండుసార్లు తిరిగిండు.
కాయ లేవలే.
"కాగితం గదా, మట్టి గాదు" అన్నడు సిగ్గుపడి.
మాపటికి ఆ కాయ పచ్చడైంది.

అన్నం తింటుంటె నాయన మెల్లగ అందుకున్నడు.
"తిరుచెంగోడు బండోళ్ల కాడ మూడేండ్లు క్లీనర్ను.
పని బాగ నేర్పిండ్రు, వంక పెట్టరాదు.
ఈడికొచ్చి మొదటి బోరుకే మూడు బిట్లు ఇరగ్గొట్టిన.
ఈ రాయి నాకు తెల్వది. నేను రాయికి తెల్వది."
"అంటే ఈడనే ఉండుమంటవా?"
"నేను గట్ల అన్లే. బిట్లు ఇరిగినయన్న."

ఆ రాత్రి గుడిపల్లి కాడ బోరు.
లోతు రాసే బుక్కు పట్టుకొని నేనూ పోయిన.
మూడొందల ఎనభై దాంక తెల్ల సుద్ద.
రైతు బీడీ మీద బీడీ.
నాయన చెయ్యి లివరు మీద,
చెవి రాయి మీద.
"ఇగ ఆపుదమా?" అన్నరెవరో.
"ఇంకో రాడు."
నాలుగొందల పదికి సుద్ద రంగు మారింది.
నీళ్లు గాదు, తడి.
"ఇంకో రాడు" అన్నడు మళ్ల.
నా చెప్పుల్ల బురద అయినప్పుడు
బుక్కుల ఎంత రాసిన్నో
ఇప్పటికీ యాదికి లేదు.

తెల్లారి ఇక్కడి బడి ఫారం నింపిన.
సరైందో కాదో.
క్యారమ్స్ నాకు రాదు, నేర్చుకుంట.

సంతకం పెడుతుంటె నాయన అడిగిండు,
"మొదటి రోజు ఎన్ని ఫీట్లు?"
"మూడువేలు."
పెదాలు కదిలినయి, ఫీటుకు ఇంత అని లెక్క.
చానాసేపు నా మొఖం దిక్కు జూసి
"కేసింగు లేకుండనా?" అన్నడు.